రేవు వెనక సందు

"దొరికిపోయారు మినెగిషి గారూ!" సంఘం ఆఫీసులో బల్ల మీద ఫోన్ టపీమని పెట్టాడు తొకుజీ. "వీల్‌చైర్ వాళ్ల కోసం మా సంఘం వాళ్లం ఈ ఒనొమిచి ఊరి మెట్లన్నీ ఎక్కి దిగి మరుగుదొడ్ల మ్యాప్ చేశాం. ఊరికే వాడుకోండి, అమ్ముకోకండి అన్నాం. మీ కంపెనీ దాన్నే యాప్‌లో పెట్టి అమ్ముతోంది."

"మా సర్వే మేమే చేసుకున్నామండీ."

"అలాగా? మరి రేవు వెనక సందులో మరుగుదొడ్డి మీకెలా కనబడింది? అక్కడేమీ లేదు. దొంగను పట్టుకోడానికి నేనే మా మ్యాప్‌లో పెట్టాను ఆ దొంగ గుర్తు!"

మినెగిషి తల వాలిపోయింది. తొకుజీకి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే ఒక ముసలావిడ భర్త వీల్‌చైర్ తోసుకుంటూ లోపలికొచ్చింది. ఆయన ఒళ్లో ఆవిడ కోటు కప్పినా, తడిసిన ప్యాంటు కనబడుతూనే ఉంది.

"మ్యాప్‌లో మీ చిరునామా చూసి వచ్చాం నాయనా. మరుగుదొడ్డి కోసం రేవు వెనక సందులో అరగంట తిరిగాం."

"ఆ డబ్బులు కట్టే యాప్ చూసేనా?" ఆశగా అడిగాడు తొకుజీ.

"కాదు, మీదే. మీ మ్యాప్ ఎప్పుడూ తప్పు చెప్పదుగా."

తొకుజీ బల్ల మీది ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడే గొంతు తగ్గించింది. "నేనే సరిగ్గా వెతకలేదేమో. అదెక్కడుందో కాస్త చూపిస్తావా?"