వసపిట్టకు గొంతు పోయిన రోజు

“ఇంక చాలు, లే! వ్యాను వచ్చే వేళైంది.”

వసపిట్ట దుప్పటి వదల్లేదు. పెట్టిన పేరు వేరే ఉంది గానీ, మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. చదివేది ఒకటో తరగతి. అక్షరాలింకా కూడబలుక్కుంటోంది గానీ, మాటల్లో పెద్దవాళ్లను మూలన కూర్చోబెడుతుంది. అలాంటి పిల్లకు నిన్న సాయంత్రం నుంచి గొంతు పూర్తిగా పోయింది.

“నోరు మెదపనివ్వకండి. గుసగుసలు కూడా వద్దు” అన్నాడు డాక్టరు.

ఇంట్లో గోడ గడియారం కొట్టుకుంటుందని ఇప్పుడే తెలిసిందన్నాడు తండ్రి.

జ్వరం లేదు. పెట్టింది తింది. బడికి మాత్రం వెళ్లనని మొండికేసింది. అదీ, ఆదివారం కూడా సంచీ తగిలించుకు తిరిగే పిల్ల!

తల్లికి కారణం తెలియకపోలేదు. ఇవాళ బడిలో కథలు చెప్పే పోటీ.

“పోటీ పోతే పోయింది. ఊరికే కూర్చుని రా తల్లీ.”

పిల్ల తల అడ్డంగా ఊపింది. నోరు తెరవబోయింది.

“ఉష్! డాక్టరుగారేమన్నారు?”

పిల్ల రెండు చేతులూ కలిపి చెంప కింద పెట్టుకుని, కళ్లు మూసి తల వాల్చింది.

“నిద్రొస్తోందా? ఇప్పుడేగా లేచావు, దొంగా!”

పిల్ల కాలు నేలకేసి కొట్టింది. ఒక్క పరుగున వెళ్లి తమ్ముడి కాలి బూటు లాగేసింది.

“బాగుందమ్మా! నీ గొంతు పోతే వాడికెందుకే సెలవు?”

చిన్నోడు చూస్తూ ఊరుకున్నాడు. వాడు నోట్లో నాలుక లేని పిల్లాడు. వాడి వాటా మాటలు కూడా అక్కే వాడేస్తోందని తండ్రి బెంగ.

హారన్ మోగింది. తల్లి ఓడిపోయింది. చేతికి వేలాడుతున్న కూతుర్ని విడిపించి లోపల ఉంచి, కొడుకుతో గేటు దగ్గరికి నడిచింది.

డ్రైవరు ఎప్పటిలాగే కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. దారిలో కుళాయి కనపడితే చాలు, ఆగి కడుక్కునే మనిషి. ఆ శుభ్రం మొగుడికి ఉంటే ఎంత బాగుండునని ఆమె రోజూ అనుకునేదే.

“పాపేదమ్మా?”

“గొంతు పోయింది. ఇవాళ రాదు.”

అతని ముఖం చిన్నబోయింది. “పాప కబుర్లు లేకపోతే నాకు బండి సాగదమ్మా. అందుకేగా ముందు సీటు ఎవరికీ ఇవ్వను!”

“ఇవాళ్టికి తమ్ముణ్ణి కూర్చోబెట్టుకో.”

“వీడు ఉన్నాడో లేడో కూడా తెలీదు కదమ్మా” అని నవ్వుతూనే చిన్నోణ్ణి ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. వెనకాల పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి బస్తాల్లా ఉన్నారు.

వ్యాను మలుపు తిరిగింది. పరాయి పిల్ల మీద ఇంత ప్రేమా అనుకుంటూ తల్లి లోపలికొచ్చింది.

వసపిట్ట కిటికీ ఊచలు పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

“ఏమైందే? సరే, ఒక్క మాట. చెవిలో చెప్పు.”

పిల్ల, తల్లి మెడ పట్టుకుని కిందికి వంచింది. గాలి ఊదినట్టుగా చెప్పింది.

“నేను మాట్లాడకపోతే డ్రైవరు మామయ్య వ్యాను నడుపుతూ నిద్రపోతాడమ్మా.”