మేస్త్రి తీసిన రష్యా

“రెండు వీధులు నడిస్తే మోకాళ్లు పట్టుకుని కూర్చునే అక్క, రష్యా అంతా కాలినడకన తిరిగొచ్చిందంటే నేను నమ్మను గాక నమ్మను” అంది చిన్నకోడలు, లోపలికి అడుగు పెడుతూనే. ఆవిడ చేతిలో ఒక సంచి, ఆ సంచిలో ఆవిడ చెప్పులు. పోయిన నెల ఈ ఇంటి గుమ్మం ముందు విడిచిన చెప్పులు మాయమైన దగ్గర్నుంచీ ఆవిడ ఇక్కడ చెప్పులు బయట వదలడం మానేసింది. ‘కుక్క ఎత్తుకుపోయి ఉంటుంది’ అని పెద్దకోడలు అప్పుడే తేల్చేసింది.

“నమ్మకపోతే మానెయ్” అంది పెద్దకోడలు. “పది రోజులూ తిరుగుతూనే ఉన్నాం. ఒక్క పూట హోటల్లో నడుం వాల్చానేమో మీ బావగారినే అడుగు.”

ఉత్త మాటల పోటీ అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. వచ్చే వారం ఇంట్లో పెద్దవాళ్లంతా కొండలు చూడ్డానికి వెళ్తున్నారు. చిన్నపిల్లల్ని కనిపెట్టుకుని ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి. మోకాళ్ల వంక పెట్టి ఆ పని తోడికోడలికి అంటగట్టాలని చిన్నకోడలి ఎత్తు.

“గొడవెందుకు? ఫోటోలు చూద్దాం” అంది అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ. “నడిచినట్టు రుజువైతే పెద్దది కొండెక్కుతుంది, చిన్నది పిల్లల దగ్గరుంటుంది. లేదంటే అటుది ఇటు. సరేనా?”

ఇద్దరూ సరేనన్నారు.

పెద్దకోడలి మొగుడు టైల్స్ మేస్త్రి. ఏడాదిలో అందరికంటే ఎక్కువ నేలలు పరిచాడని టైల్స్ కంపెనీవాళ్లు దంపతులిద్దరినీ రష్యా పంపారు. బయల్దేరే హడావుడిలో ఆమె తన ఫోన్ ఇంట్లోనే మరిచిపోయింది. అందుకని ఫోటోలన్నీ ఆయనే తీశాడు.

“ముందు అక్కడి మనుషుల సంగతి చెప్పవే” అంది అత్తగారు.

“మనుషులా! ముఖాన నవ్వన్నది ఉండదు అత్తయ్యా. రైల్లో ఎదురుగా కూర్చున్నావిడ, నేనేదో వాళ్లింట్లో దొంగతనం చేసినట్టు చూసింది. తీరా దిగాక నా పెట్టె లాక్కుని మెట్లన్నీ ఎక్కించి, పలకరించకుండా వెళ్లిపోయింది. వానలో తడుస్తుంటే ఒక ముసలావిడ నన్ను తిట్టి తిట్టి, తన గొడుగు నా చేతిలో పెట్టి పోయింది. నవ్వు రాదు గానీ మనసు వెన్న.”

“మరి కట్టడాలో?”

“అబ్బ, ఒక చర్చి ఉంది చూడండీ! ఉల్లిపాయల్లాంటి గుమ్మటాలు. ఒకదాని రంగు ఇంకోదానికి లేదు. దాని ముందు నన్ను నిలబెట్టి తీశారు. ఏవండీ, చూపించండి.”

మేస్త్రి ఉత్సాహంగా ఫోన్ తెరిచాడు. తెర నిండా ఒక రాయి.

“గుమ్మటాలేవీ?”

“అవి పైన ఉంటాయి. ఇది కింద పరిచిన రాయి. ఎన్ని లక్షలమంది తొక్కారో, ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు! ఇదిగో, ఇది రాజుల భవనం. చెక్కనేల. సందులో గోరు దూరితే నా పేరు మార్చుకుంటా. చెప్పులతో గీతలు పడతాయని, వాటి మీద గుడ్డ సంచులు తొడిగి మరీ పంపారు.”

“ఆ భూమిలోపలి స్టేషన్ చూపించండి. షాండ్లియర్లు, గోడల నిండా బొమ్మలు...”

“ఇదిగో స్టేషన్.” నల్ల గ్రానైటు.

“నాలుగు వందల ఫోటోలూ నేలలేనా!” పెద్దకోడలు నెత్తి కొట్టుకుంది. “అంత దూరం తీసుకెళ్లి నన్ను ఒక్కదాంట్లో కూడా తియ్యలేదా మహానుభావా!”

చిన్నకోడలు నవ్వాపుకోలేక సోఫాలో కూలబడింది. “పిల్లలకి పొద్దున్నే ఆరింటికి పాలివ్వాలక్కా. కాస్త గుర్తుపెట్టుకోండి.”

పెద్దకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, నిజంగానే నడిచింది. అది చూసి మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది.

“ఎందుకు తియ్యలేదు? అన్నిట్లోనూ నువ్వున్నావు! సైజు తెలియాలి, పక్కన కాలు పెట్టమని ప్రతిచోటా చెప్పానా లేదా?”

ఆయనకి అదో అలవాటు. ఏ నేల ఫోటో తీసినా రాయి ఎంతుందో తెలియడానికి పక్కన ఒక పాదం ఉండి తీరాలి. రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేశాడు. మూలన ఒక కాలు కనిపించింది.

పెద్దకోడలి ముఖం పాలిపోయింది. “వద్దులెండి. ఫోన్ ఇటిచ్చెయ్యండి. పిల్లల దగ్గర నేనే ఉంటాను.”

“గెలిచే వేళకి ఈ వెనకడుగేంటే!” మేస్త్రి ఫోన్ ఆమెకి అందకుండా పైకెత్తి పట్టుకున్నాడు. “చూడమ్మా, చర్చి ముందు ఇదే కాలు. స్టేషన్లో ఇదే కాలు. వంతెన మీద ఇదే కాలు. ఎర్రచెప్పు, దాని మీద ఆకుపచ్చ పువ్వు. ఎంత మెత్తటి చెప్పులో ఏమో, పది రోజుల్లో ఒక్కసారి కూడా మోకాలు అనలేదు.”

అత్తగారు ఫోన్ ముక్కుకి ఆనించుకుని చూసింది. “బొటనవేలి మీద పుట్టుమచ్చ ఉంది. కాలు దీనిదే. పెద్దది కొండెక్కుతుంది. తీర్పు అయిపోయింది.”

చిన్నకోడలు ఫోన్ అందుకుంది. చర్చి ముందు కాలు చూసింది, స్టేషన్లో కాలు చూసింది, వంతెన మీద కాలు మాత్రం చాలాసేపు చూసింది. పెద్దకోడలు చూపు ఎక్కడ పెట్టాలో తెలియక మొగుడి వైపు కొరకొరా చూస్తోంది.

“ఒప్పుకున్నానక్కా” అంది చిన్నకోడలు ఫోన్ తిరిగిస్తూ. “కుక్క ఎత్తుకుపోయిన నా చెప్పులే రష్యా అంతా నడిచొచ్చాక, మీరు నడవలేదని ఎలా అంటాను?”