మైకు ముందు మనిషి

“నాన్నా, నీ వీడియో నలభై వేల మంది చూశారు!” సుమశ్రీ ఫోన్ పట్టుకుని హాల్లోకి పరుగెత్తుకొచ్చింది.

వీర్రాజు పేపర్లోంచి తలెత్తలేదు. నిన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద యూట్యూబ్ వాళ్ళెవరో మైకు పెట్టి, నగరంలో దొంగతనాలు పెరగడానికి ఏ పార్టీ కారణమని అడిగారు. రిటైరైన దగ్గర్నుంచీ శ్రీనగర్ కాలనీ పార్కులో రోజూ దంచే ఉపన్యాసమే అక్కడా దంచాడు. అలాంటి మనిషి ఇవాళ సిగ్గుతో ముడుచుకుపోతున్నాడు.

“పెట్టకమ్మా. ఏదో వాగాను.”

“వాగుడేంటి నాన్నా? ‘పార్టీలకి ఓట్లు కావాలి, మనుషులు అక్కర్లేదు’ అన్న నీ మాటే హెడ్డింగ్ పెట్టారు. ఎంతమంది మెచ్చుకున్నారో!”

“పొగిడితే మీ నాన్నకి సిగ్గని ఇన్నేళ్ళకి తెలిసింది,” అంది భార్య కమలకుమారి. “పొద్దున్నే పంజాగుట్ట దాకా నడిచి దూదీ ఆయింట్‌మెంటూ తెచ్చారు. ఎవరికండీ అంటే, ఇంట్లో ఉండాలంటారు. ఈయన వరసే అర్థం కావట్లేదు.”

ఇంతలో పనిమనిషి మంగవ్వ వచ్చింది. మెడ చుట్టూ ఎర్రగా కోసుకుపోయిన గీత. మోచేతికి గుడ్డ కట్టు.

“ఏమైంది మంగవ్వా?” అంది కమలకుమారి.

“పుస్తెలతాడు గుంజుకపోయిండ్రమ్మా. బండి మీద ఇద్దరు. నిన్న పొద్దుగూకంగ, అమీర్‌పేట మెట్రో కాడ.”

“అంత జనంలోనా? ఎవరూ రాలేదా?”

“మస్తు మంది ఉండె. ఒక్కలు సుత రాలే.” మంగవ్వ చీపురు అందుకుంది. “పోలీసోళ్ళు బండి నంబర్ అడుగుతుండ్రు. నాకేడ కనవడ్డది?”

కమలకుమారి చీపురు లాక్కుని ఆమెను కూర్చోబెట్టింది. “దేవుడు చెప్పినట్టే మందు తెచ్చారు మీ సారు,” అంటూ మెడకి రాయసాగింది. “ఇప్పుడు చెప్పండి, మీ పార్టీల సంగతి!”

వీర్రాజు పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చెవులు వేడెక్కాయి.

“నాన్నా, అప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదా! వీడియోలో బండి పడిందేమో చూద్దాం.”

“వద్దు బిడ్డా,” అంది మంగవ్వ చప్పున. “పోయింది పోయింది. సారును పరేషాన్ చెయ్యకు.”

“పుస్తెలు పోతే అలా అంటావేంటి?” సుమశ్రీ అప్పటికే నొక్కేసింది. ఫోన్‌లో సౌండ్ పూర్తిగా తగ్గించి ఉంది.

తెర మీద వీర్రాజు చెయ్యి ఊపుతూ మాట్లాడుతున్నాడు. అతని భుజం వెనక, స్తంభం దగ్గర, ఒక బండి ఆగినట్టే ఆగి దూసుకుపోయింది. ఆడమనిషి కింద పడింది. వీర్రాజు వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ మైకు వైపు తిరిగాడు.

కమలకుమారి చేతిలో దూది ఆగిపోయింది. “చూశారా మీరు?”

“ఎవరో పడ్డారనుకున్నాను. మసక చీకటి కదా. మంగవ్వ అని నాకేం తెలుసు?”

“అవునమ్మా, మసకనే ఉండె,” అంది మంగవ్వ నేల చూస్తూ. “సారుకెట్ల తెలుస్తది?”

ఆమె ముఖంలోకి చూసే ధైర్యం వీర్రాజుకి లేకపోయింది. పేపర్ మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

“నంబరు కనిపించట్లేదు. ఎవరైనా అరిచి చెప్పారేమో విందాం,” అంటూ సుమశ్రీ సౌండ్ పెంచి వీడియో మళ్ళీ పెట్టింది.

ఫోన్‌లోంచి మంగవ్వ కేక వినిపించింది: “వీర్రాజు సారూ!”