వంటాముదం

మెట్ల దగ్గర బాలనాగమ్మ గొంతు వినపడగానే శ్రీవాణి చేతిలోని గాజుగొట్టాన్ని స్టాండులో పెట్టేసి స్టోర్‌రూంలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది. ల్యాబ్ అసిస్టెంటు భాస్కర్‌కు ఒళ్లు మండింది. ముసలామె వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. పల్లెటూరి మనిషి ఎదురుగా నిలబడి నాలుగు మాటలు మాట్లాడితే సొమ్మేం పోతుంది? ఈ ఏడే వచ్చిన ఈ లెక్చరర్ మేడంకు కళ్లు నెత్తికెక్కాయని అతను ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

వనపర్తిలోని ఆ కాలేజీలో అడవి మందుమొక్కల గింజల మీద పని నడుస్తోంది. ఏ గింజ నూనెలో ఏముంది, తింటే బలమా, చేటా అని పరీక్షిస్తారు. కొల్లాపూర్ అడవి నుంచి సారపలుకులు, ఇప్పగింజలు, కానుగలు సంచుల్లో వస్తుంటాయి. ఆ సంగతి చెవిన పడి బాలనాగమ్మ వీపనగండ్ల నుంచి బస్సెక్కి వచ్చింది. ఆమె తెచ్చింది కొంగులో దాచుకున్న చిన్న సీసా.

అందులో ఉన్నది వంటాముదం. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను తానే తీసింది. కూతురు కాన్పుకొచ్చినప్పుడు, ఆ ఊరి అమ్మమ్మలందరూ చేసినట్టే, మనవడికి స్నానానికి ముందు వేలితో నాకించింది. వాడికి వాంతులు పట్టుకున్నాయి. దవాఖానకు చేరేలోపే పోయాడు. నీ ఆముదమే నా కొడుకును మింగిందని కూతురు అని, అటే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

ఇదంతా మొదటిరోజే భాస్కర్‌కు చెప్పుకుని ఏడ్చింది.

"నా చేత్తోనే సచ్చిండా, ఆయుష్షు లేక సచ్చిండా? గదొక్కటి తెలిస్తే సాలు కొడుకా."

ఈ రోజు జవాబు చెప్పాలి. జవాబేమిటో భాస్కర్‌కూ తెలుసు. అసలైన ఆముదం ఆల్కహాల్లో ఇట్టే కలిసిపోతుంది. సీసాలోది తెల్లగా విరిగి విడిపోయింది. యంత్రంలో పెడితే సగానికి సగం అడవి ఆముదం నూనె అని తేలింది. చేను గట్ల మీద కంచెగా పెంచే ఆ చెట్టు గింజలు చూపు మందగించిన వాళ్లకు ఆముదాల్లాగే కనిపిస్తాయి. ముసలామె రెండూ కలిపి ఏరుకొచ్చింది. ఆ గింజల్లోని విషం ఎంత కాచినా పోదు. శ్రీవాణి ఆ పరీక్షను మళ్లీ మళ్లీ చేసింది. ఫలితం మారలేదు.

భాస్కర్ స్టోర్‌రూం తలుపు తోశాడు.

"ఏం చెప్పాలె మేడం?"

"మంచి ఆముదమని చెప్పు. అండ్ల విషం లేదను."

"అబద్ధం గద మేడం."

"చెప్పు భాస్కర్. కండ్లు కనపడ్తలేవు, ఇంక గింజలు ఏరొద్దను. పొయ్యి కాడ చెయ్యి కాలుతదను."

ఇష్టం లేకపోయినా అతను చెప్పాడు. బాలనాగమ్మ రెండోసారి చెప్పించుకుని విన్నది. తన రెండు అరచేతులూ చూసుకుని కళ్లకు అద్దుకుంది. గుండె పగిలేలా ఏడ్చింది.

"గట్లయితే నా చేతులు మంచియే" అంది. కూతురు ఎక్కడున్నా చల్లగా ఉండాలని, ఆ లోపలి మేడం కడుపు చల్లగా ఉండాలని దీవించి, బస్సుకు వేళవుతోందని లేచింది.

భాస్కర్ విసురుగా లోపలికి వెళ్లాడు. శ్రీవాణి కిటికీ ఊచలు పట్టుకుని, ముసలామె గేటు దాటేదాకా చూస్తూ ఉంది. ఇక అతను ఆగలేకపోయాడు.

"ముసలామె సంగతి సరే మేడం. పిల్లగాన్ని కన్నతల్లికి నిజం తెల్వొద్దా? ఎట్ల సచ్చిండో ఆమెకు గూడ దాస్తమా? రేపొచ్చి అడిగితే ఏం చెప్తరు?"

శ్రీవాణి ఇటు తిరిగింది. ఆమె ముఖమంతా తడిసి ఉంది.

"వాడు నా కొడుకు, భాస్కర్."