హంసరాజుగారి వంశచరిత్ర

తామరల కొలనుకు రాజు శ్వేతుడనే హంస. ఆయన కూతురు నళిని, జాలన్న అనే నీటికాకిని తప్ప ఇంకెవర్నీ చేసుకోనని పట్టుబట్టింది. సరేనని జాలన్న తల్లి మీనమ్మ కొడుకుని వెంటబెట్టుకుని సంబంధం మాట్లాడటానికి వచ్చింది.

"మాది సముద్రాలు దాటి వచ్చిన రాజవంశం. బురదనీళ్ళలో మునిగే మీతో మాకు వియ్యమా?" అన్నాడు శ్వేతుడు. తమ గొప్పతనం వాళ్ళకి తెలిసిరావాలని, కొలనులో అందరికన్నా వయసు మళ్ళిన డిప్పయ్య అనే తాబేలుని పిలిపించి, తన వంశచరిత్ర చెప్పమన్నాడు.

"మొదట్నుంచీ చెప్పమంటారా ప్రభూ?" అని డిప్పయ్య భయం భయంగా అడిగాడు.

"ఒక్క ముక్క వదలకు!"

"మీ మూలపురుషుడు ఉత్తర సముద్రం నుంచి దోపిడీకి వచ్చాడండి. బాతులు కూడబెట్టుకున్న తామరతూళ్ళు రోజూ ఎత్తుకుపోయేవాడు. ఆ బాధ పడలేక బాతులు ఆయన్నే రాజుని చేశాయి. ఆనాటి నుంచి ఆయన దొంగతనం మానేసి, అవే తామరతూళ్ళని పన్ను కింద తీసుకోవడం మొదలుపెట్టాడు."

చుట్టూ చేరి వింటున్న బాతులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. మీనమ్మ రెక్కలు విదిలించుకుని లేచింది.

"పదరా జాలన్నా! మనం రెక్కల కష్టం మీద బతికేవాళ్ళం. దోపిడీ దొంగల ఇంటి పిల్ల మనకొద్దు."

నళిని ఘొల్లుమంది. శ్వేతుడు కిరీటం జారిపోతున్నా చూసుకోకుండా గబగబా ఈదుకుంటూ వాళ్ళ వెంటపడ్డాడు.

"చెల్లెమ్మగారూ, కాస్త ఆగండమ్మా! ఎప్పుడో తాతల నాటి సంగతులు పట్టుకుని పసివాళ్ళ మనసు కష్టపెడతామా?"