కుర్రు మీద ఎలుగు

పసుపు ఉడకబెట్టే కడాయిలు పడవల్లా తేలుకుంటూ పోయిన వరద ఏడు అది. వరద తీసి చలి పడ్డాక, ఒక పొద్దున గంగారాం పడవ దగ్గర కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. మెడలో దుర్భిణి, భుజాన సంచి.

“ఆ కుర్రు మీదికి పోవాలె” అన్నాడు, గోదావరి నడుమ ఉన్న లంకను చూపిస్తూ. “పాతకాలం కోట గోడలున్నయట. పిట్టలు, మొసళ్లు గూడ మస్తుగుంటయట గదా. నా పేరు ప్రభాకర్. కోరుట్లల పిల్లలకు చరిత్ర చెప్త.”

తెడ్డు తెస్తానని గంగారాం గుడిసెలోకి పోయాడు. భార్య ఎల్లవ్వ బీడీలు చుట్టడం ఆపేసింది.

“పోకు” అంది గొంతు తగ్గించి. “సదువు చెప్పెటోడు కాదు వాడు. సంచి కిందికి పెడుతలేడు, సూసినవా?”

“నేను పోనంటె ఇంకో పడవల పోతడు. నేనుంటెనే నయం.”

“కుర్రు మీది ఆ మనిషి కండ్లవడితె ఆడికాడనే కాలుస్తరు. ఎనుక మన గుడిసె కాలుస్తరు. మనకేమన్న సుట్టమా, పక్కమా?”

“పడవ ఎక్కిండు గదనే. ఎక్కినోన్ని ఒడ్డు చేర్చకుంట నడుమ ఇడిసిపెడుతమా?”

“జరం తగ్గకపాయె, దగ్గు తగ్గకపాయె. జొన్నగటుక లోపలికి పోతలేదంటడు. ఎన్నొద్దులు మోస్తవ్?”

గంగారాం తెడ్డు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

ఆ నెలలో ఊళ్లోకి పోలీసు జీపు రెండుసార్లు వచ్చింది. దళంలో కలిసి అడవి పట్టిన రాజం ఎక్కడున్నాడో చెప్పమని, కల్లు గీసే అతని తండ్రి నర్సయ్యను తీసుకుపోయారు. తిరిగి పంపేసరికి అతను తాటిచెట్టు ఎక్కే మనిషి కాడు. అప్పటినుంచి కొత్త మొఖం కనబడితే ఊరు తలుపులు వేసుకుంటోంది.

పడవ కదిలింది. ఇసుకదిబ్బ మీద నల్లటి జంతువులు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ నీళ్లలోకి జారాయి.

“నీటికుక్కలు, సారూ.”

“సారు అనకు. ప్రభాకరన్న అను.”

దుర్భిణి మాత్రం నీటికుక్కల మీద లేదు. కుర్రు మీది పొదల వెంట తిరుగుతోంది.

“ఈ పడవ నీదేనా, గంగన్నా?”

“ఇప్పుడు నాదే. ముందుగాల జలపతి రావు దొరది.”

“దొర ఏడున్నడిప్పుడు?”

“దళానికి జడిసి గడీకి తాళమేసి పట్నం పోయిండట.”

“మరి రాజం?”

“అడివిల ఉన్నడట.”

“అన్నీ ‘అట’లే చెప్పవడితివి. నీ కండ్లతోని చూసింది ఏం లేదా?”

“నీళ్ల మీద బతికెటోన్ని. ఒడ్డు ముచ్చట్లు నాకెట్ల ఎరుక?”

అతను నవ్వాడు. అంతలో సుడి దగ్గర పడవ ఊగింది. అతను రెండు చేతులా అంచు పట్టుకున్నాడు. ఈత రాదని ఆ పట్టుడే చెప్పింది. తెడ్డు ఒక్కసారి వదిలితే చాలు, అడిగే నోరు ఉండదు. గంగారాం తెడ్డు గట్టిగా బిగించి సుడి దాటించాడు. ఇతనూ పడవ ఎక్కినవాడే.

కుర్రు మీద వరద మట్టిని కోసుకుపోయి, మూరెడు పొడవు ఇటుకలు బయటపడి ఉన్నాయి. ఎక్కడో నెమలి అరిచింది. అతను ఒక ఇటుకను నిమిరి, “రెండువేల ఏండ్ల కిందటిది” అన్నాడు. మళ్లీ దానివంక చూడలేదు. ఇసుక మీద కూర్చుని ఏదో ఏరాడు. సిగరెట్ ముక్క.

“పిట్టలు సిగరెట్ తాగుతయా, గంగన్నా?”

“మీ అసొంటోళ్లే, ఇటుకలు సూసెటోళ్లు, మొన్న అచ్చిండ్రు.”

“మొన్నటిదైతె మంచుకు నానాలె. ఇది పొడిగున్నది.”

ప్రభాకర్ ఆ ముక్కను జేబులో వేసుకున్నాడు. అతను లేచి గోడ వెంట నడిచాడు. గోడ కింద పాత నేలమాళిగ. దాని వాకిలికి అడ్డంగా ముళ్లకంప.

“ఈ కంప ఎవలు పెట్టిండ్రు?”

“వరదకు కొట్టుకచ్చింది.”

అప్పుడే లోపల గుర్రుమంది. నోట్లో గుడ్డ కుక్కుకున్నా ఆగని దగ్గు. ప్రభాకర్ చేయి సంచిలోకి పోయింది.

“ఎలుగు!” గంగారాం అరిచాడు. తెడ్డుతో గోడను బాదుతూ వాకిలికి అడ్డం నిలబడ్డాడు. “గుడ్డెలుగు, పిల్లలు పెట్టింది. ఎనుకకు నడువు!”

“జరుగు. చూస్త.”

“జరుగ. నువ్వు నా పడవ ఎక్కినోనివి. ఒడ్డు చేర్చేదాక నీ పానం నా మీద ఉంటది. ఎలుగు పట్టుడైతె ముందుగాల నన్ను పట్టాలె.”

“ఎలుగు దగ్గుతదా?”

“ఇంత చలికి మనిషి దగ్గుతలేడా? దానికి మాత్రం గొంతు లేదా?”

అతను గంగారాం భుజం మీదుగా చీకట్లోకి చూశాడు. లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు. తను ఒక్కడే వచ్చాడు. సంచిలోంచి ఖాళీ చేయి బయటికి తీశాడు.

తిరిగి వచ్చాక ఒడ్డున పడవను లాగడానికి అతనూ చేయి వేశాడు.

“గంగన్నా, నువ్వు మంచోనివి. మంచోళ్లకు మాతోని భయం లేదు” అన్నాడు. “రేపు పొద్దెక్కినంక మావోళ్లతోని అస్త. నీ ఎలుగును అప్పుడు చూస్తం.”

ఎల్లవ్వ ఆ మాట విన్నది. గటుక ముంత కట్టి, ఉన్న ఒక్క గొంగడి మడిచి దాని పక్కన పెట్టింది.

“అవతలి ఒడ్డుకేనా?”

“ఆ.”

మరునాడు పొద్దు పొడవకముందే, చేయి చాపితే చేయి కనబడని మంచులో గంగారాం కుర్రుకు పడవ తోలాడు. ముళ్లకంప లాగి పక్కన పడేశాడు. లోపలి మనిషి గోడ పట్టుకుని, దగ్గుతూ లేచాడు. గంగారాం అతని భుజాలకు గొంగడి కప్పి, చేయి అందించాడు.

“పడవ ఎక్కుండ్రి, దొరా.”