గేటు పక్క కుర్చీ

ఆ రోజు పొద్దున గేటు పక్కన కుర్చీ లేదు.

సాలెం చంకకర్ర ఆనించుకుని అటూ ఇటూ చూశాడు. మనిషికి ఒకటే కాలు. రెండోది మోకాలి పైదాకా లేదు.

లోపల అల్యూమినియం కోస్తున్న జనార్దన్ కిసుక్కున నవ్వాడు.

“నర్సింలూ, షేకు నిలవడ్డడురా! కుర్చీ ఏడ వెట్టినవ్?”

“స్టోర్ల ఏసి తాళం ఏసిన. ఒక్కనాడన్న కాళ్ళ మీద నిలవడనీ.”

“కాళ్ళు కాదురా, కాలు.”

ఇద్దరూ నవ్వుకున్నారు.

అది అరబ్బు దేశపు సరిహద్దు ఊరు జిజాన్‌లో తలుపులూ కిటికీలూ చేసే చిన్న కార్ఖానా. పనివాళ్ళు ఇరవై ఇద్దరు, అందరూ మన దేశం నుంచి పోయినవాళ్ళే. వాళ్ళ మధ్య అక్కడి మనిషి సాలెం ఒక్కడే. ఏడాది కిందట చేరాడు. పొద్దున్నే వచ్చేవాడు, కూర్చునేవాడు, సాయంత్రం నమాజు వేళకు లేచి పోయేవాడు. ఒక మర బిగించింది లేదు, ఒక కాగితం రాసింది లేదు. వీళ్ళకు ఓవర్‌టైము ఎత్తేసినా అతడికి చాయ్ మాత్రం ఆగలేదు.

కాలం అలాంటిది మరి. చమురు ధర పడిపోయింది. చమురు అమ్ముకుని బతికే దేశమాయె, కట్టే ఇళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గోడలే లేవకపోతే తలుపులెవరికి కావాలి? తమ పిల్లలకు పనుల్లేవని, ప్రతిచోటా ఇంతమంది తమవాళ్ళను పెట్టుకోవాల్సిందేనని, పైదేశం మనిషికి తలకింత పన్ను కట్టాల్సిందేనని సర్కారు ఒకదాని మీద ఒకటి హుకుములు తెచ్చింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర రోజూ అదే పంచాయితీ.

“కంపెనీ ఎందుకు మునుగుతుందో నన్నడుగుండ్రి,” అనేవాడు జనార్దన్. “నూనె గాదు, సరిహద్దుల లడాయి గాదు. గిసొంటోళ్ళను కూసోవెట్టి మేపవట్టి!”

“మరి సర్కారేం జెయ్యాలంటవ్?”

“ఏం జెయ్యాల్నా? పన్ను మన మీద గాదు, కుర్చీల మీద ఎయ్యాలె!”

అందరూ నవ్వేవారు. నర్సింలుకు నవ్వు వచ్చేది కాదు.

జగిత్యాల దగ్గర ఊళ్ళో అతడి భార్య జయకు రొమ్ములో గడ్డ. ఆలస్యం చేయొద్దు, కోసి తీసేయాలన్నాడు డాక్టరు.

“నువ్వొచ్చి పక్కన నిలవడితెనే లోపలికి పోత. లేకుంటె పోను,” అని మొండికేసింది జయ.

నర్సింలు ఇంటికి వెళ్ళి రావాలంటే వీసా ముద్ర పడాలి. అది పడాలంటే, అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, ఇంకా కొన్ని నెలలు చెల్లుబాటులో ఉండాలి. అతడి ఇకామా ఆ నెలాఖరుకే తీరిపోతుంది. కొత్తది వస్తుందో రాదో ఎవరూ చెప్పడం లేదు. ఆ కడుపుమంటతోనే కుర్చీ దాచాడు.

సాలెం గోడ దగ్గరికి జరిగాడు. ఎండ గోడ మీదికి ఎక్కింది. గోడకు వీపు ఆనించి అలాగే నిలబడ్డాడు. ఒకసారి కర్ర జారింది. మళ్ళీ పట్టుకున్నాడు.

సాయంత్రం సాలెంను తీసుకుపోవడానికి అతడి అన్న బండిలో వచ్చాడు. తమ్ముడి కాలు వణకడం చూశాడు. పనివాళ్ళ కింద స్టూళ్ళు చూశాడు. లోపలికి వచ్చి అరబ్బీలో గట్టిగా అరిచాడు.

“మాలేష్, మాలేష్,” పర్లేదు, పోనీ అంటూ సాలెమే అన్న చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

మర్నాడు నర్సింలు కుర్చీ తెచ్చి ఉన్నచోటే వేశాడు. సాలెం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడు వారాలకు మౌలా సాహెబ్ నుంచి పిలుపు వచ్చింది. కరీంనగర్ మనిషి, ఆఫీసు కాగితాలన్నీ ఆయనే చూసేవాడు.

“బేటా, నీ ఇకామా కాలె. కంపెనీ ఎరుపుల వడ్డది. ఇక్కడోళ్ళు తక్కువున్న కంపెనీని సర్కారు ఎరుపుల వెట్టి ఇకామాలు ఆపుతది గద.”

“ఎరుపేంది చాచా! మొన్నటిదాంక పచ్చగనే ఉండె గద?”

“అప్పుడు సాలెం ఉండె. ఇప్పుడు లేడు.”

“ఒక్కడు పోతె కంపెనీ ఎరుపైతదా?”

“ఒక్కడా? కాలో చెయ్యో లేనోన్ని పనిల వెట్టుకుంటె సర్కారు నలుగురిని వెట్టుకున్నట్టు లెక్క రాసుకుంటది. మీ ఇరవై ఇద్దరి ఇకామాలు ఆ నలుగురి మీదనే నడిచినై. తనిఖీకొస్తె మనిషి కండ్లకు కనవడాలె గద, అందుకే రోజు వచ్చి కూసునేటోడు.”

నర్సింలు తలుపు వైపు కదిలాడు.

“నేనే పోత చాచా. బతిలాడి తోలుకొస్త.”

“రాడు. ఆ రోజు చూసి వాళ్ళన్న ఊకున్నడా? తెల్లారే వేరే కంపెనీల జేర్పించిండు.”

అప్పుడే ఫోను మోగింది. జయ.

“దవఖానోళ్ళు మళ్ళ తారీఖు అడుగుతుండ్రు. ఎప్పుడొస్తవ్?”

నర్సింలు గోడవైపు తిరిగాడు.

“జయా, నాకోసం ఆగకు. మీ అక్కను తోలుకొని పో.”

“నువ్వు రావా?”

అవతల ఆమె ఏడుస్తోంది. ఫోను చెవికి పెట్టుకుని, ఆ ఏడుపు ఆగేదాకా అట్లాగే నిలబడ్డాడు.

మౌలా సాహెబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“జయమ్మ సంగతి సాలెంకు నేనే చెప్పిన బేటా,” అన్నాడు.

రెండింతలు జీతమిస్తాం రమ్మని ఆ కొత్త కంపెనీ ఎప్పుడో పిలిస్తే, నర్సింలు ఇంటికి పోయి భార్యను చూసుకుని వచ్చేదాకా రానని చెప్పి, ఆ రోజుదాకా అతడి కోసమే వచ్చి కూర్చున్న మనిషి సాలెం.